అధికారం కిందికి దిగిన విధం

సోమవారం పదకొండు గంటలకు పురపాలక కార్యాలయానికి పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ఒకటిన్నర పేజీ. పెద్దసారు దాన్ని రెండుసార్లు చదివారు. ఒక్కటి తప్ప అన్నీ తెలిసిన మాటలే. ఆ ఒక్కటి ‘డివాల్వ్’. కార్యాలయం అధికారాలన్నీ ఇకనుంచి కింది సిబ్బందికి డివాల్వ్ కావాలనీ, ఆ సంగతి ఇరవై నాలుగు గంటల్లో జనం భాషలో నోటీసు బోర్డు ఎక్కాలనీ అందులో ఉంది. తెలియని మాట ఒకటి వచ్చి తన అధికారాల పక్కనే కూర్చోవడం ఆయనకు నచ్చలేదు. బెల్లు కొట్టి అనువాదకురాలిని పిలిపించారు.

అనువాదకురాలి గది మెట్లకింద ఉంటుంది. నిలబడితే తల తగిలేచోట బీరువా, తగలనిచోట ఆమె కుర్చీ. బల్లమీద మూడు నిఘంటువులు. ఒకదానికి అట్ట లేదు, ఇంకొకదానికి చివరి నలభై పేజీలు లేవు. పదకొండేళ్లుగా పైనుంచి వచ్చే ప్రతి కాగితాన్నీ ఆమే తెలుగు చేసేది. అందరూ ఆమెను నిఘంటువమ్మ అని పిలిచేవారు. మొదట్లో ఆమెకు కోపం వచ్చేది. తర్వాత అలవాటైపోయింది.

“ఏమ్మా, దీనికి తెలుగేంటి?” అని అడిగారు పెద్దసారు, ఆ మాటమీద వేలు పెట్టి.

“కిందికి దిగడం సార్. పైనున్న అధికారం కిందివాళ్లకు చేరడం.”

“చేరి?”

“వాళ్ల దగ్గరే ఉండటం.”

పెద్దసారు వేలు తీసేశారు. “వేరే మాటలేం లేవా?”

“సంక్రమించడం అనొచ్చు.”

“జ్వరం గురించి చెప్పినట్టుంది.”

“బదలాయించడం.”

“అంటే నా దగ్గర్నుంచి పోతుందా?”

“పోతుంది సార్. అందుకే ఆ మాట.”

ఆయన కాసేపు కిటికీలోంచి కిందున్న తన కారును చూసుకున్నారు. “అట్లా కాదమ్మా. ఒక దీపంతో ఇంకో దీపం వెలిగిస్తాం చూడు, అట్లా ఉండాలి. వాళ్ల దీపం వాళ్లకు వెలగాలి, నా దీపం నాకుండాలి. నూనె కూడా తరగకూడదు. అట్లాంటి మాట చూడు.”

“దానికి డెలిగేట్ అని ఇంకో మాట ఉంది సార్. అందులో ఇచ్చినవాళ్లు ఎప్పుడంటే అప్పుడు వెనక్కి తీసుకోవచ్చు. పైవాళ్లు ఆ మాట రాయలేదు.”

“రేప్పొద్దున్నకల్లా ఏదో ఒకటి రాసుకురా,” అన్నారు పెద్దసారు.

ఆ సాయంత్రం ఆమె సర్క్యులర్ నకలు ఇంటికి తీసుకెళ్లింది. అత్తగారు బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి దిగిపోయిన మనిషి. పోయిన ఏడాది బీరువా తాళాలు కోడలి చేతిలో పెట్టి, ‘ఇకనుంచి ఇల్లు నీది’ అన్నారు. ఆనాటినుంచి రోజుకు మూడుసార్లు, ‘తాళాలు ఎక్కడ పెట్టావమ్మాయ్?’ అని అడుగుతున్నారు. ఆ సంగతి మనసులో ఉండబట్టే కోడలు ఆవిడనే అడిగింది.

“అత్తయ్యా, ఇచ్చినట్టు ఉండాలి, ఇవ్వనట్టూ ఉండాలి. ఒక్క మాటలో ఏమంటారు?”

ఆవిడ కళ్లజోడు తీసి చీరచెంగుతో తుడుచుకున్నారు. “ఇవ్వడమంటే ఇవ్వడమే. ఇచ్చాక మనసు పీకుతూ ఉంటుంది, అది వేరే సంగతి. దానికి మాట అక్కర్లేదు.” కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, “ఇంతకీ తాళాలు ఎక్కడ పెట్టావు?” అన్నారు.

కోడలికి నవ్వొచ్చింది. నవ్వుతూనే కాగితం ముందుకు లాక్కుని మూడు వాక్యాలు రాసింది. ‘ఇకనుంచి ఏ పని ఎవరు చేస్తారో ఆ పనిమీద నిర్ణయం వారిదే. పైవారిని అడగనక్కరలేదు. ఆ పనిలో తప్పొప్పులు విచారించే అధికారం కూడా ఆ విభాగానిదే.’ సర్క్యులర్లో ఒకటిన్నర పేజీ చెప్పింది నిజానికి అంతే. పదకొండేళ్లలో ఇంత తేలికైన తెలుగు ఆమె ఎప్పుడూ రాయలేదు.

మర్నాడు పెద్దసారు గదిలో ఎవరో పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. చిన్న కాగితం వల్ల ప్రమాదం ఉండదని ఆయన అనుభవం. చదవకుండానే సంతకం పెట్టారు. అటెండరు దాన్ని తీసుకెళ్లి బోర్డుకు నాలుగు మూలలా గుచ్చాడు.

ఆ మధ్యాహ్నమే సమావేశం పెట్టి, పెద్దసారు తన అధికారాలను పంచారు. గది, కారు, రబ్బరు ముద్ర తన దగ్గరే ఉంచుకుని, మిగతావన్నీ ఇంజనీరుకు ఇస్తున్నట్టు ప్రకటించారు. ఇంజనీరు లేచి నమస్కారం పెట్టాడు. సాయంత్రందాకా ఆయన నడకే మారిపోయింది. నాలుగున్నరకు మురుగు కాలవ గురించి ముగ్గురు, వీధి దీపం గురించి ఒకరు వచ్చి కూర్చోగానే, అధికారమంటే ఏమిటో ఆయనకు అర్థమైంది. కుర్చీ ఒక్కటి ఉంచుకుని, మిగతాది తన సహాయకుడికి డివాల్వ్ చేశాడు. సహాయకుడికి పెళ్లి కుదిరి వారం రోజులైంది, ఏ గొడవలోకీ దిగే ఉద్దేశం లేదు. అతను బుధవారం పొద్దున్నే మేస్త్రీని పిలిచి, మొత్తం కాగితాలు అతని చేతిలో పెట్టి చేతులు దులుపుకున్నాడు.

మేస్త్రీకి ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, భాష రాదు. షెడ్డులో పైపుల కుప్పమీద కూర్చుని, పనివాళ్లందరి ముందూ సర్క్యులర్‌ను కూడబలుక్కుంటూ చదివాడు. ఆ మాట దగ్గర ఆగాడు.

“డి... వాల్వ్,” అన్నాడు. మళ్లీ చదివాడు. మొహం విప్పారింది. “ఇదేదో వాల్వు గొడవరా. మనకు సంబంధం లేదు. బాబాయ్, నీదే. తీసుకో.”

బాబాయంటే చక్రం బాబాయి. నీళ్లట్యాంకు దిగువన, నాలుగు రోడ్ల కూడలిలో ఇనప మూత కింద ఒక గొయ్యి ఉంది. అందులో రెండు వాల్వులు, రెంటికీ రెండు చక్రాలు. ఎడమది తిప్పితే పల్లంలో ఉన్న ఆఫీసర్ల క్వార్టర్స్‌కు నీళ్లు పోతాయి. కుడిది తిప్పితే గుట్టమీదున్న మెట్లవీధికి పోతాయి. ఎడమది రోజుకు నాలుగు గంటలు, కుడిది రోజు విడిచి రోజు నలభై నిమిషాలు. అది ఎప్పుడో ఎవరో వేసిన పట్టిక. పంతొమ్మిదేళ్లుగా పట్టిక తప్పకుండా ఆ చక్రాలు తిప్పుతున్నది ఆయనే. సన్నగా, కాస్త ముందుకు వంగి ఉండేవాడు. కుడి అరచేయి చెక్కలా గట్టిపడిపోయింది. పైవాళ్లు చెప్పిన మాటకు ఎదురు చెప్పి ఎరగడు.

మేస్త్రీ ఇచ్చిన ఇంగ్లీషు కాగితం ఆయనకు ఎక్కలేదు. బోర్డు దగ్గరికెళ్లి తెలుగుది చదివాడు. మూడుసార్లు చదివాడు. కార్యాలయం కాగితం ఒకటి చదవగానే అర్థం కావడం ఆయనకు అదే మొదటిసారి. అందుకే అనుమానమొచ్చింది. నేరుగా మెట్లకింది గదికి వచ్చాడు.

“అమ్మా, బోర్డుమీదున్నది నువ్వు రాసిందేనా?”

“నేనే బాబాయి.”

“అందులో రాసినట్టే కదా అర్థం? వెనక ఇంకేం లేదు కదా?”

“ఇంగ్లీషులోనూ అదే ఉంది.”

ఆయన గుమ్మం దాటి లోపలికొచ్చాడు. “వాల్వు తిప్పడం నా పనే కదా?”

“ఇంకెవరు తిప్పుతారు?”

“అయితే ఎంతసేపు తిప్పాలనేది కూడా...” అని ఆగిపోయాడు. ఆమెకు అప్పుడు అర్థమైంది, ఆయన ఎటు పోతున్నాడో. ఆపాలా వద్దా అని ఒక్క క్షణం తడుముకుంది. మాట అర్థం అడిగినవాళ్లకు అర్థం చెప్పడమే తన ఉద్యోగం.

“అది కూడా నీదే బాబాయి,” అంది.

గురువారం పొద్దున ఆయన గోతిలోకి దిగి ఎడమ చక్రాన్ని నాలుగు గంటలకు బదులు మూడు గంటలే వదిలి కట్టేశాడు. కుడి చక్రాన్ని తిప్పి రెండు గంటలు వదిలాడు. శుక్రవారం కూడా అంతే. ఇక రోజు విడిచి రోజు లేదు.

మెట్లవీధివాళ్లు నీళ్లమీద ఎప్పుడో ఆశ వదులుకున్నారు. అందుకే మొదటిరోజు ఎవరూ సంబరపడలేదు. ఇంట్లో ఉన్న బిందెలు, బకెట్లు, డబ్బాలు, చివరికి పూలకుండీలు కూడా నింపేసి, ఇక ఆగిపోతాయని కుళాయిల ముందు నిలబడ్డారు. ఆగలేదు. నింపడానికి ఇంకేమీ మిగల్లేదు. అప్పుడొకావిడ లోపలికెళ్లి కిటికీ తెరలు ఊడదీసుకొచ్చి ఉతకడం మొదలుపెట్టింది. ఆ వీధిలో కిటికీ తెరలు ఉతకడం ఎవరూ చూడలేదట. పక్కింటివాళ్లు వచ్చి నిలబడి చూశారు.

పల్లంలో అదే సమయానికి పెద్దసారు తలంటుకుంటున్నారు. నురగ కళ్లదాకా దిగింది. పైన ట్యాంకు ఉన్నా నేరుగా వీధి పైపుకు కలిపించుకున్న షవర్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆయన కళ్లు మూసుకునే తువ్వాలు వెతుక్కుని, ఇంజనీరుకు ఫోన్ చేశారు.

“నీళ్లు ఎవరు ఆపారయ్యా?”

“సార్, నా అధికారాలు నేను కిందికి ఇచ్చేశాను కదా సార్.”

“ఎవరికిచ్చావు?”

ఇంజనీరు నీళ్లు నమిలాడు. నమలడానికి ఆ పూట క్వార్టర్స్‌లో ఉన్న నీళ్లు అవే.

తలమీద తువ్వాలు చుట్టుకుని పెద్దసారు ఒక్కొక్కరికీ ఫోన్లు చేస్తూ పోగా, సహాయకుడు, మేస్త్రీ దాటి చివరికి గోతి దగ్గర తేలారు. పది గంటలకు ఆఫీసుకొచ్చి, అటెండరు ముందే అరిచారు. “ఈ ఆఫీసులో చక్రం తిప్పేది నేనా, అతనా?”

“అతనే సార్,” అన్నాడు అటెండరు. “అతని ఉద్యోగమే అది.”

విచారణ జరిపి శిక్ష వేయాలని పెద్దసారు నిర్ణయించారు. ‘అనుమతి లేకుండా చక్రం తిప్పినందుకు’ అని అభియోగం రాయించి, ఫైలుకు ఎర్రతాడు కట్టించి ఇంజనీరుకు పంపారు. ఇంజనీరు బోర్డుమీది మూడో వాక్యాన్ని తన నోట్‌లో ఎత్తి రాసి, ఇది ఆ విభాగం అధికారమంటూ సహాయకుడికి పంపాడు. సహాయకుడు శుభలేఖలు పంచుతూ దారిలోనే మేస్త్రీకి ఇచ్చాడు. మేస్త్రీ రాత్రంతా ఆలోచించాడు. బాబాయి తనకు పని నేర్పినవాడు. శిక్ష వేస్తే షెడ్డులో ఎవరూ మొహం చూడరు. వెయ్యకపోతే పైవాళ్లు ఊరుకోరు. తెల్లారాక మార్గం తట్టింది. ఫైలుమీద ఇలా రాశాడు: ‘వాల్వు విభాగంలో పనిచేస్తున్నది ఒక్కరే. కావున ఆ విభాగానికి పెద్ద కూడా ఆయనే. తగిన చర్య నిమిత్తం ఆయనకు పంపడమైనది.’

అలా చక్రం బాబాయి మీది ఫైలు చక్రం బాబాయి చేతికి వచ్చింది.

ఆఫీసంతా పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వనిది ఆయనొక్కడే. ఫైలును సంచిలో పెట్టుకుని అనువాదకురాలి దగ్గరికి వచ్చాడు.

“విచారణ ఎట్లా చెయ్యాలమ్మా?”

“బాబాయి, తప్పేం లేదని రెండు ముక్కలు రాసి పంపెయ్. అయిపోతుంది.”

“చూడకుండా ఎట్లా రాస్తాను?” అన్నాడాయన. “నమ్మి పంపారు కదా.”

ఎవరూ నమ్మి పంపలేదని ఆమెకు తెలుసు. ఆ మాట చెప్పలేకపోయింది. “విచారణంటే రెండు వైపులా చూడాలి. నీళ్లు తగ్గినవాళ్లనూ, పెరిగినవాళ్లనూ అడగాలి,” అంది.

ఆయన ముందు క్వార్టర్స్‌కు వెళ్లాడు. అక్కడ ఇంటింటికీ పైన ఒక ట్యాంకు ఉంది. ఒక తోటమాలి పైపుతో గడ్డిని తడుపుతున్నాడు. “నీళ్లు ఇబ్బందిగా ఉందా?” అని బాబాయి అడిగితే, “గడ్డికైతే లేదు,” అన్నాడు తోటమాలి.

సాయంత్రం మెట్లవీధి ఎక్కాడు. పంతొమ్మిదేళ్లుగా ఆ వీధికి నీళ్లు వదులుతున్నాడే కానీ, ఆ మెట్లు ఎక్కింది లేదు. ఎక్కాల్సిన అవసరం రాలేదు. నలభై మెట్లకు ఆయాసమొచ్చి కూర్చున్నాడు. అప్పుడు చూశాడు. ప్రతి మెట్టుకూ ఒకే పక్కన అంచు అరిగి ఉంది. కిందినుంచి నీళ్లు మోసుకెళ్లేవాళ్లు బిందె ఎడమ చంకన పెట్టుకుని కుడిచేత్తో గోడ పట్టుకుని నడుస్తారు. అన్నేళ్లుగా ఆ బరువంతా పడి అరిగిన మెట్లు అవి.

పైన మూడో ఇంటి గడపలో ఒక ముసలావిడ కాళ్లు చాపుకుని బొత్తాలు కుడుతోంది. తుంటి సరిగా లేదని కూర్చున్న తీరులోనే తెలుస్తోంది.

“ఎవరు నాయనా?”

“నీళ్లు వదిలేవాణ్ణమ్మా.”

ఆవిడ సూది ఆపి ఆయన్ను ఎగాదిగా చూసింది. “ఈమధ్య కొత్తగా వచ్చావా?”

“లేదు. పంతొమ్మిదేళ్లయింది.”

“ఓహో,” అందావిడ. కోపంగా అనలేదు. కొత్తవాడయ్యుంటాడనుకున్న మనిషి పాతవాడని తెలిసి, ఆ సంగతి సర్దుకోవడానికి ఆ మాట పట్టింది, అంతే. తర్వాత పక్కకు జరిగి గడపమీద చోటిచ్చింది. “ఎక్కొచ్చావు, కూర్చో. మంచినీళ్లు తాగుతావా?” ఇంట్లోకి తిరిగి కోడలిని కేకేసింది. “గ్లాసు కాదే, చెంబుతో తీసుకురా. ఇప్పుడు నీళ్లు దండిగా ఉన్నాయి.”

ఆయన చెంబు పట్టుకుని కూర్చున్నాడు కానీ తాగడం కష్టమైంది.

మర్నాడు మెట్లకింది గదికి వచ్చి, “రాసుకో అమ్మా, నా చేతిరాత బాగుండదు,” అన్నాడు. ఆమె కాగితం తీసింది. ఆయన గోడవైపు చూస్తూ, ఒక్కో మాటా ఆపి ఆపి చెప్పాడు.

“విచారణ చేశాను. ముద్దాయి తప్పు చేశాడని తేలింది. అది ఈ ఫైల్లో రాసిన తప్పు కాదు. చక్రం పంతొమ్మిదేళ్లు ముద్దాయి చేతిలోనే ఉంది. మెట్లవీధికి నలభై నిమిషాలు చాలవని అతనికి తెలుసు, కుళాయిలో గాలి చప్పుడు గోతిలోకే వినబడుతుంది. పట్టిక మార్చమని ఒక్కసారి కూడా ఎవర్నీ అడగలేదు. అడగొద్దని కూడా అతనికి ఎవరూ చెప్పలేదు.”

ఆమె కలం ఆగింది. “బాబాయి, ఇది రాస్తే నీమీదకే వస్తుంది.”

“వచ్చింది నామీదకే కదమ్మా. రాయి.” గొంతు సవరించుకున్నాడు. “శిక్ష. ముద్దాయి ఏడాదిపాటు ప్రతి ఆదివారం సెలవు మానుకుని, మెట్లవీధి పైదాకా ఎక్కి, ప్రతి కుళాయీ చూసి రావాలి. చిత్తగించవలెను.” సంతకం పెట్టాడు. తర్వాత ముద్దాయిగా ఇంకో కాగితం అందుకుని, శిక్ష తనకు సమ్మతమేనని రాసిచ్చాడు.

ఫైలు ఎంత వేగంగా దిగిందో అంత వేగంగా ఎక్కింది. పెద్దసారు చదివి మింగలేక కక్కలేక కూర్చున్నారు. శిక్ష వేయలేదనడానికి లేదు, వేశాడు. చిన్న శిక్ష అనడానికి లేదు, ఆ ఆఫీసులో అంతవరకూ ఎవరికీ ఏడాది శిక్ష పడలేదు. ఆయన ఆ ఫైలు పక్కన పెట్టి, అధికారాలు కిందివాళ్ల చేతిలో దుర్వినియోగం అవుతున్నాయని పైవాళ్లకు నాలుగు పేజీలు రాశారు. నెలరోజుల్లో జవాబొచ్చింది. అధికారాలన్నీ ‘రేషనలైజ్’ చేయబడినవి.

“దీనికేమంటారమ్మా?” అని అడిగారు.

“హేతుబద్ధీకరించడం అంటారు సార్. వెనక్కి తీసుకోవడం అని కూడా రాయొచ్చు.”

“మొదటిదే రాయి. చుట్టూ అట్లాంటివే ఇంకో నాలుగు వెయ్యి.”

ఆమె రాసింది. ఒకటిన్నర పేజీ వచ్చింది. బోర్డు ముందు ఒక్కరు కూడా ఆగలేదు.

అధికారం మొత్తం తిరిగి పెద్దసారు బల్లమీదకు చేరింది. దాంతోపాటు ఒక చిక్కు కూడా చేరింది. పట్టిక మళ్లీ పాతపద్ధతికి రావాలంటే ఆయన పేరుతో ఉత్తర్వు కావాలి. ఇంజనీరు వెంటనే ముసాయిదా తెచ్చాడు: ‘మెట్లవీధికి నీటి సరఫరా రోజు విడిచి రోజు నలభై నిమిషాలకు తగ్గించవలెను.’ పెద్దసారు కలం మూత తీశారు. వాక్యం కింద తన పేరు, హోదా, సంతకానికి వదిలిన చోటు చూశారు. కలం మూత పెట్టి అనువాదకురాలిని పిలిపించారు.

“తగ్గించడానికి వేరే మాట చెప్పు.”

“కుదించడం. పరిమితం చేయడం. క్రమబద్ధం చేయడం. పునర్వ్యవస్థీకరించడం.”

ఒక్కో మాటనూ ఆయన పెదవులతో కదిపి చూసుకున్నారు. ఏ మాట పెట్టినా నలభై నిమిషాలు నలభై నిమిషాల్లాగే ఉన్నాయి, కింద తన పేరు తన పేరులాగే ఉంది. “ఇంజనీరు సంతకం పెడితే సరిపోదా?” అన్నారు.

“అధికారాలు వెనక్కి వచ్చేశాయి కదా సార్,” అందామె.

ముసాయిదా బల్లమీద కుడిచేతి పక్కన ఉండిపోయింది. కొన్నాళ్లకు దానిమీద వేరే కాగితాలు పడ్డాయి. మెట్లవీధికి రెండు గంటల నీళ్లు అలాగే వస్తున్నాయి. ఆపమని ఎవరూ చెప్పలేదు కాబట్టి బాబాయి ఆపలేదు. పెద్దసారు తలంటుకోవడం అరగంట ముందుకు జరుపుకున్నారు.

అనువాదకురాలిని మాత్రం వదల్లేదు. తేలిక తెలుగు రాసినందుకు ఆమెను రికార్డు గదికి మార్చారు. అక్కడ కిటికీ ఉంది, లేచినా తలకేమీ తగలదు. మార్చినవాళ్లకు ఆ సంగతి తెలియదు. ఇంట్లో ఆ రోజే, అత్తగారు తాళాల మాట ఎత్తకముందే, ఆమె తాళాలు ఎక్కడున్నాయో చెప్పేసింది. “అడగలేదే,” అన్నారావిడ, కాస్త చిన్నబుచ్చుకుని.

ఒక సోమవారం పొద్దున బాబాయి రికార్డు గది గుమ్మంలో కనిపించాడు. ముందురోజు మెట్లెక్కిన నొప్పి మోకాళ్లలో ఇంకా ఉన్నట్టుంది, గోడ పట్టుకుని నిలబడ్డాడు.

“బాబాయి, నిన్నే కలుద్దామనుకుంటున్నాను,” అందామె. “శిక్ష వేసే అధికారం నీ దగ్గర్నుంచి వెనక్కి పోయింది. నువ్వు వేసిన శిక్ష ఇక చెల్లదు. ఆదివారాలు ఇంట్లో ఉండు.”

“మా ఆవిడ కూడా అదే అంటోంది,” అన్నాడాయన. కుర్చీ చూపిస్తే కూర్చున్నాడు. “ఒప్పుకుని సంతకం పెట్టాను కదమ్మా. ఎట్లా మానేస్తాను?” జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి విప్పాడు. అందులో ఇళ్ల వరస పెన్సిలుతో రాసి ఉంది. ఒక గడి చుట్టూ సున్నా చుట్టాడు. “పదకొండో ఇంట్లో కుళాయి కారుతోంది. వాషరు పోయింది. స్టోరులో వాషరు తీసుకోవాలంటే ఇప్పుడెవర్ని అడగాలి?”

ఆమె కొత్త సర్క్యులర్ వెతికి తీసి, వేలితో గీతల వెంట జరుపుతూ చదివింది. “మేస్త్రీ, సహాయకుడు, ఇంజనీరు, పెద్దసారు. నాలుగు సంతకాలు బాబాయి.”

“పర్లేదు,” అని బాబాయి ఆమె బల్లమీదనుంచి తెల్లకాగితం ఒకటి అడిగి తీసుకున్నాడు. “వాషరు అని తెలుగులోనే రాద్దామా, వేరే మాటేమైనా ఉందా?”

“వాషరు అనే రాయి,” అంది నిఘంటువమ్మ.